నన్ను నేను తిట్టుకోకపోతే పని చెయ్యలేనేమోనని భయం

ప్రశ్న: నమస్తే అక్కా. నా వయసు 34. పదకొండేళ్ళుగా అకౌంట్స్‌లో పని చేస్తున్నాను. రెండు నెలల కింద నెలాఖరు పేమెంట్లు పంపేటప్పుడు ఒక వెండర్‌కి ఒకే ఇన్‌వాయిస్ మీద రెండుసార్లు డబ్బు వెళ్ళిపోయింది. మధ్యలో ఫోన్ వస్తే మాట్లాడి వచ్చి కూర్చున్నాను, ఏ వరుస దగ్గర ఆపానో సరిగ్గా చూసుకోలేదు. డబ్బు పది రోజుల్లో వెనక్కి వచ్చింది. కానీ మా మేనేజర్ తొమ్మిది మందిని సీసీలో పెట్టి 'ఇకనైనా జాగ్రత్తగా ఉండండి' అని మెయిల్ రాశారు. అప్పటి నుంచి నా మీద నాకే అసహ్యం. ఇంత అనుభవం ఉండి ఇలాంటి తప్పా, నేను అసలు ఈ ఉద్యోగానికి పనికొస్తానా, ఇన్నాళ్ళూ అందరినీ మోసం చేస్తూ వచ్చానా అని రాత్రంతా అదే ఆలోచన. ప్రతి షీటూ ఏడెనిమిది సార్లు చూస్తున్నాను, అయినా నమ్మకం కలగదు. పని లేటవుతోంది. ఈసారి అప్రైజల్‌లో రేటింగ్ తగ్గింది. పోయిన వారం ఇంకో చిన్న తేడా కనిపిస్తే చెప్పడానికి భయమేసి రెండు రోజులు నాలోనే దాచుకున్నాను. మా ఆఫీసులో జరిగిన ఒక ట్రైనింగ్‌లో 'మీ మీద మీరు దయ చూపించుకోండి' అన్నారు. వినడానికి బాగుంది గానీ నేను చిన్నప్పటి నుంచి నన్ను నేను తిట్టుకునే పైకి వచ్చాను. 92 మార్కులు వస్తే మిగతా 8 ఏవి అని నన్ను నేనే నిలదీసుకునేదాన్ని. అది మానేస్తే బద్ధకం వచ్చేయదా? నా కింద పనిచేసే అబ్బాయి తప్పు చేస్తే పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తాను, నా విషయంలో మాత్రం అది చేతకావడం లేదు. ఉద్యోగం మానేద్దామా అని కూడా అనిపిస్తోంది. పేరు వెయ్యకండి.

జవాబు: మీ ఉత్తరం మూడు పేజీలు, పైన కుదించి వేశాను. మొదటిసారి చదివినప్పుడు మనసు చివుక్కుమంది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను, ఆ డబ్బు రెండుసార్లు ఎలా వెళ్ళిందో మీరు ఎక్కడెక్కడ చెప్పారో అక్కడల్లా గీత గీద్దామని. మూడు పేజీల్లో ఒక్క గీతే పడింది. ఫోన్ వచ్చింది, తిరిగి కూర్చున్నాను, ఏ వరుసలో ఆపానో చూసుకోలేదు, అంతే. మిగతాదంతా మీరు ఎలాంటి మనిషో, ఎందుకు పనికిరారో, ఎవరు ఏమనుకుని ఉంటారో. జరిగిన తప్పుకి ఒక్క వాక్యం దక్కింది, మీకు మూడు పేజీల దెబ్బలు పడ్డాయి.

నేను చెప్పదలుచుకున్నది అంతా దాదాపు ఇక్కడే ఉంది. తిట్టుకోవడం మిమ్మల్ని తప్పు దగ్గరికి తీసుకెళ్తోందని మీ నమ్మకం, నాకేమో అది మిమ్మల్ని తప్పు దగ్గర నుంచి రెక్క పట్టుకుని అవతలికి లాక్కెళ్తున్నట్టు కనిపిస్తోంది. రెండు నెలలుగా రాత్రిళ్ళు నిద్ర మానుకుని మీరు ఆలోచించింది ఆ షీట్ గురించి కాదు కదా. ఆ షీట్‌లో ఏ కాలమ్ ఉండి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు అన్న ప్రశ్న ఒక్కసారైనా మనసులోకి వచ్చిందా? వచ్చి ఉండదు, ఎందుకంటే ఆ ప్రశ్న రావాలంటే కాస్త చోటు కావాలి, ఆ చోటంతా తిట్లే ఆక్రమించుకుని ఉన్నాయి.

పోయిన వారం దాచిన తేడా సంగతి మీరు ఏదో పక్క విషయంలా రాసేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పెద్ద విషయం అదే. ఆలోచించండి, ఇదే తేడా నాలుగు నెలల కింద కనిపించి ఉంటే ఏం చేసేవారు? లేచి వెళ్ళి 'సార్, ఇక్కడ ఒక తేడా ఉంది, సరిచేస్తున్నాను' అని చెప్పి వచ్చేసేవారు. ఇప్పుడు రెండు రోజులు దాచారు. మీ నిజాయితీ తగ్గలేదు, బాధ్యత తగ్గలేదు, పెరిగింది భయం ఒక్కటే. చెబితే బయటివాళ్ళు ఒకసారి అంటారు, లోపల ఉన్న మీరు రాత్రంతా అంటారు, అందుకని చెప్పకుండా ఉండటమే మేలని మనసు లెక్క వేసుకుంది. క్రమశిక్షణ కోసమని తిట్టుకుంటూ వచ్చారు, ఆ తిట్లే చివరికి మీ చేత తప్పు దాచిపెట్టించాయి.

ఇది మీ ఒక్కరి కథ కాదు. హార్వర్డ్‌లో పనిచేసే ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులివ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించింది. కలిసికట్టుగా బాగా పనిచేసే నర్సుల బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకుంటే లెక్కలు తలకిందులుగా వచ్చాయి, మంచి బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదై ఉన్నాయి. ఇదేమిటా అని లోతుగా చూస్తే తేలింది ఏమిటంటే, ఆ బృందాల్లో పొరపాటు జరిగితే బయటికి చెప్పగలుగుతున్నారు, పెద్ద నర్సుకి భయపడే చోట చెప్పడం లేదు. చెప్పనివి ఎవరూ సరిచెయ్యరు. నాకెప్పుడూ అనిపిస్తుంది, మన తలలో కూడా ఇలాంటి ఒక చిన్న ఆఫీసు నడుస్తుంటుంది, అక్కడ మనమే బాస్, మనమే గుమాస్తా. బాస్ నోరు తెరిస్తే బూతులే వస్తాయనుకోండి, గుమాస్తా ఫైళ్ళు దాచేస్తాడు.

సరే, మీ అసలు ప్రశ్నకి వస్తాను. తిట్టుకునే పైకి వచ్చాను అంటున్నారు. దాన్ని నేను కొట్టిపారేయను. భయంతో చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు, భయం కొంత దూరం పనిచేస్తుంది, ఆ మాట కాదనడం అబద్ధం చెప్పడమే. ఎంత దూరం, ఏ పనికి అన్నదే చూడాలి. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఎలుకలతో ఒక ప్రయోగం చేశారు. రెండు దారులుంటాయి, ఒకటి వెలుతురుగా, ఒకటి చీకటిగా, తప్పు దారిలోకి వెళ్తే చిన్న కరెంటు షాక్. రెండు దారుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నప్పుడు షాక్ పెంచేకొద్దీ ఎలుకలు త్వరగా నేర్చుకున్నాయి. తేడా సూక్ష్మంగా ఉండి పరీక్షగా చూస్తే తప్ప తెలియనప్పుడు మాత్రం షాక్ ఒక స్థాయి దాటాక నేర్చుకోవడం ఆలస్యమైంది. ఎలుకల సంగతి మనుషులకి యథాతథంగా అంటగట్టకూడదు, నిజమే. కానీ నెలాఖరున మూడు వందల వరుసల షీట్ ముందు కూర్చున్న మనిషి ఈ రెండో రకం పనిలోనే ఉంటుంది. పక్కపక్కనే ఒకేలా కనిపించే రెండు అంకెల మధ్య తేడా పట్టుకోవాలంటే తల తేలికగా ఉండాలి. ఒకసారికి మనసు పట్టుకోగలిగేదే నాలుగైదు విషయాలు, అందులో రెండు చోట్ల 'మళ్ళీ తప్పు చేస్తానేమో', 'సార్ ఏమంటారో' కూర్చుంటే అంకెలకి మిగిలేది ఎంత? ఏడుసార్లు చూసినా నమ్మకం కలగడం లేదని రాశారు. కలగదు. చూస్తున్నది కళ్ళే, మనసు ఆ మెయిల్ దగ్గరే ఉంది.

మార్కుల కాలంలో పనిచేసిన కొరడా ఇప్పుడు పనిచెయ్యకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందనుకుంటాను. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు మనిషిని ఏది పని చేయిస్తుంది అన్న ప్రశ్న మీదే దశాబ్దాలు పనిచేశారు. వాళ్ళు చెప్పినదాంట్లో నాకు బాగా పట్టుకున్న విషయం ఇది: పని ఇష్టమై చెయ్యడం ఒకటి, పని విలువ తెలిసి చెయ్యడం ఒకటి, బయటినుంచి ఎవరో తోస్తే చెయ్యడం ఒకటి. వీటి మధ్యలో ఇంకో రకం ఉంది. బయటివాడి తోపుడునే మనం లోపలికి తెచ్చి కూర్చోబెట్టుకుని, అది మన సొంత గొంతే అనుకుంటూ, సిగ్గుకీ అపరాధ భావానికీ భయపడి చెయ్యడం. చూసేవాళ్ళకి ఈ మనిషికి ఎంత పట్టుదల అనిపిస్తుంది, లోపల మాత్రం పరిగెత్తించే మనిషి వెనకాల ఉన్నట్టే ఉంటుంది. ఆ పరుగులో పని పూర్తయితే 'హమ్మయ్య' తప్ప సంతోషం ఉండదు. 92 వచ్చినప్పుడు మీకు సంతోషం కలిగిందా? ఆ 8 కోసమే కదా వెతికారు. అలా ఎన్నేళ్ళు పరిగెత్తగలరు? పదకొండేళ్ళు పరిగెత్తారు, అదే చాలా ఎక్కువ.

ఇక బద్ధకం. దయ చూపించుకుంటే ఒళ్ళు దాచుకోవడం అలవాటవుతుందన్న భయం చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది. దీన్ని నేరుగా పరీక్షించినవాళ్ళు ఉన్నారు. 2012లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ విద్యార్థులకి చాలా కష్టమైన పదాల పరీక్ష ఒకటి పెట్టారు, చాలామంది బాగా రాయలేకపోయారు. తర్వాత కొందరితో 'ఇలాంటి పరీక్ష కష్టంగా అనిపించడం మామూలే, మిమ్మల్ని మీరు మరీ కోప్పడకండి' అన్నారు. ఇంకొందరితో 'ఇంత పెద్ద యూనివర్సిటీలో సీటొచ్చిందంటే మీరు తెలివైనవాళ్ళే' అని పొగిడారు. మిగతావాళ్ళకి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో పరీక్ష ఉంది, కావలసినంతసేపు చదువుకోవచ్చన్నారు. ఎక్కువసేపు కూర్చుని చదివింది మొదటి గుంపు. పొగిడించుకున్నవాళ్ళు కాదు, ఏ మాటా వినని వాళ్ళూ కాదు. అంతకు రెండేళ్ళ ముందు, 2010లో, కెనడాలో మైకేల్ వోల్, టిమతీ పిచిల్ వాళ్ళు 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థుల్ని గమనించారు. పరీక్ష ముందు చదువు వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్ళు తర్వాతి పరీక్షకి తక్కువ వాయిదా వేశారు. ఇది నాకు చదివిన రోజు నుంచీ గుర్తుండిపోయింది, ఎందుకంటే మనం సరిగ్గా దీనికి ఎదురు అనుకుంటాం కదా, క్షమిస్తే నెత్తికెక్కుతుందని. సిగ్గు అంటుకున్న పుస్తకాన్ని మళ్ళీ తెరవబుద్ధి కాదు, అదీ సంగతి. మీకు ఆ పేమెంట్ షీట్ తెరవగానే కడుపులో తిప్పినట్టు అవుతుందని రాశారు చూడండి, అదే.

ఇవి విద్యార్థుల మీద జరిగినవి, ఉద్యోగుల మీద జరిగిన పరిశోధనల్లో చాలావరకు ప్రశ్నపత్రాలు నింపించి తేల్చినవే, కాబట్టి దయ చూపించుకుంటే రేటింగ్ పెరుగుతుందని నేను మీకు రాసివ్వను. అలా రాసిచ్చేవాళ్ళని నమ్మకండి కూడా. కానీ బద్ధకం వస్తుందన్న భయానికి మాత్రం పెద్దగా ఆధారం దొరకడం లేదు, ఆధారాలు ఎక్కువగా రెండో వైపుకే మొగ్గుతున్నాయి. అంతవరకు ధైర్యంగా చెప్పగలను.

మీ ట్రైనింగ్‌లో చెప్పినదాన్ని ఇంగ్లీషులో సెల్ఫ్ కంపాషన్ అంటారు, తెలుగులో స్వీయ కరుణ అని రాస్తున్నారు. ఆ మాట వినగానే సెలవు పెట్టి పడుకోవడమో, అద్దంలో చూసుకుని 'నేను గొప్పదాన్ని' అనుకోవడమో గుర్తొస్తుంది చాలామందికి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ 2003లో దీన్ని పరిశోధనలోకి తెచ్చినప్పుడు చెప్పింది అది కాదు. ఆమె ప్రకారం ఇందులో మూడు కలిసి ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడు మన మీద మనం విరుచుకుపడకుండా మెత్తగా ఉండటం, ఇలాంటివి మనుషులందరికీ జరుగుతాయి, నేనొక్కదాన్నే వెలి కాదు అని తెలుసుకోవడం, ఉన్న బాధని ఉన్నంతే చూడటం, అంటే లేదని నటించకుండా, గోరంతని కొండంత చేసుకోకుండా. మీకు మూడోది బొత్తిగా తప్పిపోయిందనిపించింది నాకు. ఒక ఇన్‌వాయిస్, ఒక ఫోన్ కాల్, పది రోజుల్లో తిరిగొచ్చిన డబ్బు, ఇది కాస్తా 'ఇన్నాళ్ళూ అందరినీ మోసం చేశాను' దాకా వెళ్ళిపోయింది. అంత దూరం మిమ్మల్ని నడిపించింది ఆ తప్పు కాదు.

ఒక సంగతి చెబుతాను, ఎప్పుడో నా మొదటి ఉద్యోగంలో జరిగింది. ఒక మీటింగ్ నోటీసు నేను టైప్ చేశాను, 11వ తేదీ అని ఉండాల్సింది 17 అని పడింది, మూడు వందల కాపీలు పోస్టులో వెళ్ళిపోయాయి. మర్నాడు ఎవరో ఫోన్ చేసి అడిగితే తెలిసింది. గుండెలో రాయి పడ్డట్టయింది, వేళ్ళు చల్లబడ్డాయి, కుర్చీలోంచి లేవలేకపోయాను. మా సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవారు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన తన కుర్చీ నా బల్ల దగ్గరికి జరుపుకుని, కళ్ళజోడు తుడుచుకుని, 'చేత్తో రాసిన కాగితం ఉందా? పట్రామ్మా, ఎక్కడ జారిందో చూద్దాం' అన్నారు. తెచ్చాను. స్కేలు తీసి ఒక్కో లైను కింద పెట్టుకుంటూ వచ్చి తేదీ దగ్గర ఆగారు. రాసినవారి చేతిరాతలో రెండో ఒకటికి పైన కొక్కెం ఉంది, ఎవరు చూసినా ఏడులాగే ఉంది. 'ఇక నుంచి తేదీ పక్కన ఏ వారమో కూడా రాయించుకో. రెండూ కలవకపోతే అక్కడే తెలిసిపోతుంది' అన్నారు. ఆ వెంటనే, 'పద, ఆ మూడు వందల మందికీ ఇవాళే సవరణ వెళ్ళాలి, కవర్లు ముందేసుకో' అన్నారు. ఆ రోజు ఇద్దరం రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చుని అడ్రసులు రాశాం.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అలాగని పని నుంచి ఒక్క కవరు కూడా తగ్గించలేదు. దయ అంటే నాకు ఇప్పటికీ ఆ జరిపిన కుర్చీయే గుర్తొస్తుంది. తర్వాత పనిచేసిన ఇంకో చోట అంతకంటే చిన్న తప్పుకి అందరి ముందు అరిచారు, అక్కడ రెండేళ్ళున్నాను గానీ ఏం నేర్చుకున్నానో అడిగితే చెప్పలేను. తేదీ పక్కన వారం మాత్రం ఈ రోజుకీ రాస్తాను.

ఆ పెద్దాయన గొంతు మీ దగ్గర కూడా ఉంది తల్లీ, మీరే రాశారు. మీ కింద పనిచేసే అబ్బాయి తప్పు చేస్తే పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తానన్నారు. చేతకాకపోవడం ఏమీ లేదు, చేతనైన పనే, ఇన్నాళ్ళూ పక్కవాళ్ళకే వాడారు. ఆ అబ్బాయితో 'నువ్వు ఈ ఉద్యోగానికి పనికిరావు, అందరినీ మోసం చేస్తున్నావు' అని ఎందుకు అనరు? జాలిపడి మాత్రమే కాదు. అలా అంటే మర్నాడు ఇంకో నాలుగు తప్పులు చేస్తాడని మీకు తెలుసు. పదకొండేళ్ళ అనుభవం మీకు నేర్పిన విషయం అది.

అందుకని ఈ వారంలో ఒక పని చెయ్యండి. ఆ పేమెంట్ షీట్ తెరవండి, భయం వేస్తుంది, వెయ్యనివ్వండి. పాదాలు నేల మీద ఆనించి, మెల్లగా ఊపిరి వదిలి, 'భయంగా ఉంది, ఇలాంటప్పుడు ఎవరికైనా ఉంటుంది' అని మనసులో అనుకోండి, దాన్ని తరిమేసే ప్రయత్నం చెయ్యకండి. తర్వాత మిమ్మల్ని మీరు పేరు పెట్టి పిలుచుకుని మాట్లాడండి, ఆ అబ్బాయితో మాట్లాడినట్టే. ఇది వినడానికి వింతగా ఉంటుంది గానీ ఈథన్ క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2014లో చూపించింది, ఒత్తిడిలో ఉన్నప్పుడు 'నేను' అని కాకుండా తమ పేరుతో తమతో మాట్లాడుకున్నవాళ్ళు తక్కువ కంగారుపడ్డారు. కాస్త దూరం నుంచి చూసినట్టు అవుతుంది కాబోలు. ఏమనాలో తోచకపోతే మా పెద్దాయన మాటే తీసుకోండి: పట్రా, ఎక్కడ జారిందో చూద్దాం.

అప్పుడు చూడండి. ఫోన్ వచ్చింది. మీరు లేచారు. ఆ షీట్‌లో చెల్లించినవాటికి గుర్తు ఎక్కడ పెడతారు? చెల్లించిన వెంటనే పెడతారా, మొత్తం అయ్యాక ఒకేసారి పెడతారా? ఒకేసారి పెట్టే పద్ధతయితే మీ స్థానంలో ఎవరున్నా ఫోన్ వచ్చిన రోజు ఇదే జరుగుతుంది. ఒకే ఇన్‌వాయిస్ నంబర్ రెండోసారి వస్తే ఎర్రగా చూపించే ఏర్పాటు ఎక్సెల్‌లోనే ఉంది, ఐదు నిమిషాల పని, అది పెట్టారా? పెద్ద మొత్తాలు వెళ్ళేముందు రెండో మనిషి ఎవరైనా చూస్తున్నారా? మధ్యలో అంతరాయం కలిగితే మనిషి దారి తప్పడం ఎంత మామూలంటే, విమానాల్లో దానికి ఏకంగా చట్టమే పెట్టుకున్నారు. అమెరికాలో 1981 నుంచి, విమానం టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు, మొత్తంగా 10,000 అడుగుల కింద ఉన్నప్పుడు, నడపడానికి సంబంధం లేని మాట ఒక్కటి కూడా పైలట్లు మాట్లాడకూడదు. అంతకుముందు అలాంటి కబుర్ల మధ్య ప్రమాదాలు జరిగాయి, వాటి నుంచి పుట్టిన నియమం అది. ఎన్నో ఏళ్ళు నడిపిన పైలట్లు కూడా ఆ నియమం పాటించాల్సిందే. మీరూ నెలాఖరున ఆ గంటన్నర ఫోన్ సైలెంట్‌లో పెట్టి సొరుగులో వెయ్యండి, ఆ సమయంలో దొరకనని ముందే చెప్పండి. ఏడుసార్లు చూడటం మానేసి రెండుసార్లే చూడండి, రెండోసారి మాత్రం కాస్త లేచి తిరిగొచ్చి కింద నుంచి పైకి చూడండి. మూడోసారి చూడాలని చెయ్యి లాగుతుంది, ఆ లాగేది షీట్ కాదు, భయం. మొదటి వారం కష్టంగానే ఉంటుంది.

దాచిన ఆ చిన్న తేడా ఇప్పటికైనా చెప్పేశారో లేదో రాయలేదు. చెప్పకపోతే రేపు పొద్దున్నే చెప్పండి, రెండే వాక్యాలు, ఏం తేడా, ఎలా సరిచేశారు. క్షమాపణలతో పేరాలు నింపకండి, మీ తప్పు మీద మీరు ఎంత బాధపడుతున్నారో నిరూపించుకోవాల్సిన పని లేదు.

మీ మేనేజర్ సంగతి కూడా అనకుండా ఉండలేను. తొమ్మిది మందిని సీసీలో పెట్టి ఆ మెయిల్ రాయడం బాగాలేదు. పిలిచి రెండు నిమిషాలు మాట్లాడాల్సిన విషయం అది. ఈ మధ్య ఒక రకం ధోరణి వచ్చింది, ఆఫీసు ఎంత పీడించినా 'మీ మనసును మీరు చూసుకోండి' అని ఉద్యోగి మీదికే తోసేయడం, నాకది నచ్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ని, అంటే పని వల్ల మనిషి పూర్తిగా అలసి కుంగిపోవడాన్ని, వివరించినప్పుడు అది పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంబాళించనందువల్ల వచ్చేదని రాసింది, మనిషి బలహీనత అని రాయలేదు. ఇద్దరు చెయ్యాల్సిన పని మీరొక్కరే చేస్తున్నారేమో, నెలాఖరున ఫోన్లు ఎత్తకుండా ఉండే వీలు లేదేమో, అలాగైతే అది మీరు దయతో భరించాల్సిన విషయం కాదు, అడగాల్సిన విషయం. షీట్ చూశాక ఒక పేజీ రాసుకుని మేనేజర్‌ని పదిహేను నిమిషాలు అడగండి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చాను, మీ నుంచి ఏం కావాలి, రెండో మనిషి చూపు, ఆ గంటన్నర ప్రశాంతత, ఇంకేదైనా. చివర్లో, తప్పులేమైనా ఉంటే నన్ను విడిగా పిలిచి చెప్పండి సార్ అని కూడా అనండి. గొంతు వణికినా ఫర్వాలేదు. తగ్గిన రేటింగ్ మీద వాదించడానికి కాకుండా ఇలాంటి కాగితంతో వెళ్ళే మనిషిని ఏ మేనేజరైనా వేరుగా చూస్తారు, చూడకపోతే అది కూడా మీకు తెలియాల్సిన విషయమే.

ఉద్యోగం మానడం గురించి ఇప్పుడు తేల్చుకోకండి. మానొద్దని అనను, మీ ఆఫీసు నాకు తెలియదు. కానీ సిగ్గుతో తల వాలిపోయి ఉన్న సమయంలో తీసుకున్న నిర్ణయాలు మనిషిని పారిపోయేలా చేస్తాయి, వెళ్ళిన చోట కూడా ఆ గొంతు వెంటే వస్తుంది. ఒక మూడు నెలాఖరులు కొత్త పద్ధతిలో చెయ్యండి, అప్పుడు చూద్దాం. ఇంకొకటి, రెండు నెలలుగా నిద్ర లేదంటున్నారు. ఇంకో రెండు వారాలు చూసి కుదుటపడకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మధ్యలో ఎప్పుడైనా బతకడమే ఎందుకు అనిపిస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే ఇంట్లోవాళ్ళకి చెప్పి వెళ్ళండి. కాలు విరిగితే వెళ్ళమా, ఇదీ అంతే.

మొదట్లో తిట్టు ఆగదు, దాంతో 'చూశావా, నా మీద నేను దయ కూడా సరిగా చూపించుకోలేకపోతున్నాను' అని దానికి కూడా తిట్టుకుంటారు, నాకు తెలుసు, అందరం ఆ వీధిలోంచి వచ్చినవాళ్ళమే. ముప్ఫై ఏళ్ళ అలవాటు ముప్ఫై రోజుల్లో పోదు. తిట్టు వచ్చినప్పుడు 'ఇదిగో వచ్చింది' అనుకుని, మళ్ళీ ఆ వరుస దగ్గరికి రండి. వందసార్లు పోతే వందసార్లు రండి.

నెలాఖరు అయ్యాక నాకు ఇంకో ఉత్తరం రాయండి. మొన్నటి ఉత్తరంలో ఫోన్ కాల్ గురించి ఒక్క వాక్యం రాశారు కదా, ఈసారి దాన్ని ఒక పేజీ చెయ్యండి, ఏ వరుస, ఎంత సమయం, గుర్తు ఎక్కడ పెట్టేవారు, ఇప్పుడు ఎక్కడ పెడుతున్నారు, అన్నీ. ఆ పేజీ కోసం ఎదురు చూస్తుంటాను.